ఎంజైము వెయ్యని గిన్నె

శుక్రవారం ఆసుపత్రి నుంచి పెద్దలు వస్తున్నారని సోమవారం పొద్దున్నే మైకు అందరినీ పిలిచి చెప్పాడు. మైకు అంటే ఆ పరిశోధనశాల డైరెక్టరు. ఎదుట ఉన్నది ఒక్క మనిషైనా నిండుసభలో మాట్లాడినట్టే మాట్లాడతాడు గనక ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది. మంచినీళ్ళు అడగడానికి కూడా ఆయనకు ఉపోద్ఘాతం కావాలి.

"గాయంలో చెడ్డ క్రిమి చేరుతుంది," అన్నాడు చేతులు చాచి. "చేరి ఒక ఎంజైమును వదులుతుంది. ఆ ఎంజైమే మన పాలిమర్‌కి తాళంచెవి. తాళం తెరుచుకుంటుంది, లోపలున్న మందు బయటికొస్తుంది. క్రిమి లేదనుకోండి, తాళం తాళంలాగే ఉంటుంది. అంటే ఏమిటన్నమాట? మన పదార్థానికి బుద్ధి ఉంది."

వెనకాల గోడకు ఆనుకుని నిలబడిన ఆమె, ఈ గదిలో బుద్ధి ఉన్నది ఆ పదార్థానికి ఒక్కదానికే అనుకుంది. ఆ పదార్థం ఆమె చేసినదే. తాళం, తాళంచెవి పోలికా ఆమెదే. పసిపిల్లలకు చెప్పినట్టు చెబితే తప్ప ఈయనకు ఎక్కదని ఎప్పుడో ఒకసారి చెప్పింది. అప్పటినుంచి ఆయన దాన్ని వెంటబెట్టుకు తిరుగుతూ, కనబడ్డవాళ్ళందరికీ తన సొంత బిడ్డను చూపించినట్టు చూపిస్తున్నాడు. ఇప్పుడు చెబుతున్నది ఎవరికి? ఆ పదార్థంతో చేసిన బిళ్ళలు నానేసిన గిన్నెలు ఏళ్ళ తరబడి కడుగుతున్న టెక్నీషియనుకి. వినేవాడు లోకువైతే చెప్పేవాడికి అలుపు ఉండదు.

ఆ పనిలో ఆమెకు సాటి లేరన్నది నిజం. ఆ సంగతి అందరికన్నా బాగా ఆమెకే తెలుసన్నదీ నిజమే. రెండు సిరంజిల్లో రెండు ద్రవాలు తీసుకునేది. ఒకదాంట్లో పొడుగాటి పాలిమర్ గొలుసులు. రెండోదాంట్లో ఆ గొలుసులను ఒకదానితో ఒకటి బిగించే బుల్లి లంకెలు. మందూ నీలిరంగూ కలిపి, రెండు సిరంజిల మూతులు జతచేసి ఇటూ అటూ నెట్టి, గాలిబుడగ పడకుండా గాజుపలకల మధ్యకు వదిలేది. కాసేపటికి అది పేరుకునేది. గుండ్రటి కట్టరుతో చొక్కా గుండీలంత బిళ్ళలు కోసి, పట్టకారుతో ఎత్తి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసేది. అంచు ఏమాత్రం చిరిగినా చెత్తబుట్టలో పడేసేది. మనుషుల విషయంలోనూ ఆమెది అదే పద్ధతి.

కిటుకంతా ఆ లంకెల్లో ఉంది. క్రిమి వదిలే ఎంజైము కత్తెరలా వచ్చి వాటినే కత్తిరించాలి. ఇంకేదీ వాటిని తెంచకూడదు. అవి తెగితే బిళ్ళ కరుగుతుంది, మందు గాయంలోకి దిగుతుంది, నీలిరంగు నీళ్ళలోకి వచ్చి ఆ సంగతి కంటికి చూపిస్తుంది. పాత లంకెలు తయారుచెయ్యడానికి ప్రాణం పోయేది. వాటిలో ఒక రసాయన ముడి మార్చి సులువు చేసింది ఆమె. ఆ మార్పు తర్వాత ఫలితాలు మెరిసిపోయాయి. బిళ్ళలు అంతకుముందెన్నడూ కరగనంత చక్కగా కరిగాయి. ఈ సంగతి ఆసుపత్రిదాకా వెళ్ళింది ఆ ఫలితాలతోనే.

మైకు ఉపన్యాసం ముగిసి అందరూ ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు పోతూండగా మేనల్లుడు ఆమె దగ్గరికి వచ్చాడు.

మేనల్లుడు మైకు అక్క కొడుకు. పేరు ఉంది గానీ వాడేవాళ్ళు లేరు. మేనమామ చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చినవాడికి ఆ చుట్టరికమే పేరైపోయింది. ముప్ఫై దాటిన మనిషి, చెవుల్లో ఎప్పుడూ ఏదో పాట, మొహంలో ఎప్పుడూ ఇప్పుడే నిద్రలేచిన కళ. చేరిన కొత్తలో ఒక సీసా మీద ఎంజైము అని రాయబోయి ఎంజాయ్ అని రాశాడు. ఆ సీసాను ఆమె కడగనివ్వలేదు. వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా అలమారా ముందు వరసలో చాలాకాలం ఉంచింది.

"మేడమ్, ఒక పొరపాటైంది," అన్నాడు.

ఒక్కటేనా అంది ఆమె, సిరంజి మీదినుంచి చూపు తిప్పకుండా.

అతను నసుగుతూ చెప్పినదేమిటంటే, శనివారం ఆమె చెప్పినట్టే బిళ్ళలు గిన్నెల్లో వేసి, ఉప్పునీళ్ళు పోశాడు. ఫ్రీజరులోంచి ఎంజైము సీసా తీసి మంచుడబ్బాలో పెట్టుకున్నాడు. ఇంతలో ఫోను వచ్చింది. మాట్లాడుతూనే గిన్నెలకు మూతలు పెట్టి, ఇంక్యుబేటరులో, అంటే ఒంటి వేడి ఎంతో అంత వేడిలో వస్తువును ఉంచే పెట్టెలో, పెట్టేసి ఇంటికి వెళ్ళిపోయాడు. ఈ పొద్దున వచ్చి చూస్తే మంచు నీళ్ళైపోయి అందులో సీసా తేలుతోంది. మూత మీది సీలు కూడా తియ్యలేదు.

"ఎంజైము వెయ్యలేదు మేడమ్ నేను. కానీ బిళ్ళలు కరిగిపోయాయి. నీళ్ళన్నీ నీలం."

ఆమె అప్పుడు తలెత్తింది. చుట్టుపక్కల బల్లల దగ్గర చేతులు ఆగాయి. మేడమ్ తలెత్తిందంటే వినదగ్గది ఏదో వస్తుందని అందరికీ తెలుసు.

"గిన్నెలో ఏం పోశావో ఎప్పుడూ తెలియనివాడివి, ఏం పొయ్యలేదో మాత్రం ఎలా తెలిసింది?"

అందరూ నవ్వారు. టెక్నీషియను అటు తిరిగి నవ్వాడు. మేనల్లుడు కూడా అలవాటు ప్రకారం కొంచెం నవ్వి, సీసా చూపిస్తానన్నాడు. నీళ్ళలో నానిన ఎంజైము చూడ్డానికి తనకు తీరిక లేదని, అది చెత్తబుట్టలో పడేసి, గిన్నెలు కడిగి, ఇక ఈ శుక్రవారం దాకా బిళ్ళల జోలికి రావద్దని చెప్పింది ఆమె. అతను ఇంకా నిలబడ్డాడు. అలా నిలబడటం అతని స్వభావం కాదు. "నిజంగానే వెయ్యలేదు మేడమ్," అన్నాడు మెల్లగా. ఆమె సిరంజి వైపు తిరిగింది.

సాయంత్రం గది ఖాళీ అయ్యాక ఆమె గ్లవ్స్ తొడుక్కుని చెత్తబుట్ట వెతికింది. ఎందుకు వెతుకుతోందో తనకు తాను చెప్పుకోలేదు. వాడిన గ్లవ్స్, చిరిగిన బిళ్ళలు, టీ మరకల టిష్యూ కాగితాల అడుగున సీసా దొరికింది. సీలు చెక్కుచెదరలేదు.

వెధవ, ఇంకో సీసా తీసి ఉంటాడు అనుకుంది. ఫ్రీజరు తెరిచి చూసింది. తక్కినవన్నీ దేని చోటులో అవి ఉన్నాయి.

ఆమె మూడు బిళ్ళలు కోసింది. మూడు గిన్నెల్లో ఒట్టి ఉప్పునీళ్ళు పోసింది. ఇంక్యుబేటరులో అన్నిటికన్నా వెనక, ఇతరుల గిన్నెల చాటున, పేరు రాయకుండా పెట్టింది. తన సొంత ప్రయోగశాలలో తానే దొంగలా వంగి తలుపు మూసింది.

మంగళవారం పొద్దున ఆ మూడు గిన్నెల్లోనూ బిళ్ళ లేదు. నీళ్ళు నీలంగా, ఎంతో అందంగా ఉన్నాయి.

ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అర్థమైనకొద్దీ ఒళ్ళు మండింది. ఇంక్యుబేటరు చిన్నది. గిన్నెలన్నిటికీ చోటు చాలక, ఎంజైము వేసినవాటిని మాత్రమే అందులో పెట్టి, పోల్చి చూడ్డానికి ఉంచే ఎంజైము లేని గిన్నెలను బల్ల మీద పెట్టేవాళ్ళు. చల్లటి బల్ల మీద బిళ్ళ నిక్షేపంగా ఉండేది. వెచ్చటి పెట్టెలో కరిగేది. కరిగించింది ఎంజైమేనని ఇంతకాలం మురిసింది. కరిగించింది వెచ్చటి నీళ్ళు. సులువుగా ఉంటుందని తాను మార్చిన ఆ ముడి వెచ్చటి నీళ్ళలో తనంతట తాను విడిపోయే రకం. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలను లేపి అడిగినా చెబుతారు. ఎంజాయ్ అని రాసినవాడు కూడా చెప్పి ఉండేవాడేమో.

గిన్నెలను బల్ల మీద పెట్టమన్నది ఎవరు? టెక్నీషియను మీదికి నెట్టే దారి ఉందేమోనని మనసు కాసేపు తచ్చాడింది. లేదు. చోటు లేదు మేడమ్ అని అతను అంటే, కంట్రోల్ గిన్నెలే కదా, ఎక్కడైనా ఒకటే అన్నది తానే. తన గొంతు తనకు గుర్తుంది.

ఇంటికి వెళ్ళేసరికి మామగారు వరండాలో కుర్చీ మీద కాలు చాపుకుని ఉన్నారు. ఆయన పేరుమోసిన ప్లీడరుగా బతికి రిటైరైన మనిషి. కోర్టులో ఎదుటివాళ్ళ సాక్షులను చీల్చి చెండాడిన నోరు ఇప్పుడు ఇంట్లో మనుషులతో సరిపెట్టుకుంటోంది. కోడలు డాక్టరేట్ చేసి ఏం కనిపెట్టిందని ఎవరైనా అడిగితే, మా అమ్మాయి డాక్టరే, జిగురు డాక్టరు అనేవారు. ఆమె భర్త ఆ మాటకు నవ్వేవాడు కాదు, వారించేవాడూ కాదు. తండ్రికీ భార్యకీ మధ్య తలుపుకు కట్టిన తెరలాంటివాడు, గాలి ఎటు వీస్తే అటు కదిలేవాడు. ఆమె కూడా తక్కువ తినలేదు. మామగారు ఆరిపోయిన పొయ్యి, పొగ తప్ప ఏమీ రాదని మనసులో ఎప్పుడో తీర్మానించుకుంది.

షుగరు వల్ల ఆయన ఎడమ పాదానికి పుండు పడి మానడం లేదు. రోజూ కట్టు మార్చాలి. కట్టు విప్పిన ప్రతిసారీ ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, ఎవరో ఒకరిని తిట్టడం మొదలుపెట్టేవారు. తిట్టు ఆగిందంటే నొప్పి భరించరానిదైందని గుర్తు.

"అమ్మాయ్," అన్నారు ఆ సాయంత్రం. "ఇవాళ సర్జన్ దగ్గరికెళ్ళాను. మీ మందు సంగతి చెప్పాడు."

మందు అన్నారు. ఆమె చెప్పులు విడుస్తూ ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

దాన్ని పెడితే వారం దాకా కట్టు విప్పనక్కర్లేదట కదా అని అడిగారు. లోపల చీము పట్టే సూచన ఉంటే అదే కనిపెట్టి మందు వదులుతుందట. శుక్రవారం పెద్దాళ్ళు చూసి సరేనంటే మొదట పెట్టించుకునేవాళ్ళలో తన పేరు కూడా రాస్తానని సర్జన్ మాటిచ్చాడట. అంతా చెప్పి ఆయన కాలివేళ్ళ వైపు చూసుకున్నారు. వారం రోజులు విప్పనక్కర్లేదు అన్న మాట మళ్ళీ ఒకసారి తనలో తాను అనుకున్నట్టు అన్నారు. కోర్టుల్లో గర్జించిన మనిషి బతిమాలడం చేతకాక, బతిమాలుతున్నట్టు కనబడకుండా పడుతున్న పాట్లు చూస్తే ఆమెకు జాలి వెయ్యవలసింది. చిరాకు వేసింది. తిట్టినా బాగుండేది అనిపించింది.

లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుని లెక్క చూసుకుంది. బిళ్ళ పెట్టిన మొదటి రాత్రే ఒంటి వేడికి కరిగిపోతుంది. మందంతా ఒక్కసారే పోతుంది. ఆ తర్వాత వారం దాకా అది కాపలా కాస్తోందన్న నమ్మకంతో డాక్టర్లు కట్టు విప్పరు. కట్టు కింద కాపలా కాసేది ఏదీ ఉండదు. పుండులో క్రిమి చేరితే దానికి వారం రోజులు రాజభోగం.

బుధవారం మైకుకు చెప్పెయ్యాలనే వెళ్ళింది. ఆయన ఏమంటాడో దారిపొడుగునా ఊహించుకుంది. శుక్రవారం గడవనివ్వండి మేడమ్, తర్వాత చూసుకుందాం అంటాడు. సైన్సుకన్నా సర్కసు ముఖ్యం కదా ఆయనకు. అప్పుడు తాను అనవలసిన మాటలు కూడా పదునుపెట్టి ఉంచుకుంది. నిజానికి ఆ మాటలు అనే అవకాశం వస్తుందని కొంచెం ఉత్సాహంగానే ఉంది.

తలుపు తియ్యగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"రండి మేడమ్. మీకు క్షమాపణ చెప్పుకోవాలి నేను."

ఏమిటని అడిగే లోపలే చెప్పుకుపోయాడు. నిన్న తన మేనల్లుడు ఇంటికి వచ్చి, మేడమ్ పదార్థం ఎంజైము లేకుండానే కరుగుతోందని అన్నాడట. విని తనకు తల కొట్టేసినట్టైందట. అక్క కొడుకని చేరదీస్తే, ఉన్న ఒక్క పనిమంతురాలి మీద వంక పెట్టేటంత మొనగాడయ్యాడట. రేపటినుంచి వాణ్ణి సామాన్ల గదికి పంపించేస్తున్నానని, ఇక ప్రయోగశాల గడప తొక్కడని చెప్పాడు.

"నాకు కెమిస్ట్రీ అంతంతమాత్రమని మీకు తెలుసు," అన్నాడు మైకు. ఆ ఒక్క వాక్యం ఎందుకో సభలో చెప్పినట్టు లేదు. "మీరు చూసిందే నేను చూసినట్టు. మీరు బాగుందంటే బాగున్నట్టే. ఆ మాట వాడికి గట్టిగానే చెప్పాను."

ఆమె నోటిదాకా వచ్చినది వెనక్కు పోయింది. పదునుపెట్టుకొచ్చిన మాటలు ఇక్కడ గుచ్చడానికి చోటే లేదు. ఇన్నేళ్ళుగా తాను పురుగులా చూసిన మనిషి తన మీద గుడ్డి నమ్మకం పెట్టుకుని, ఆ నమ్మకంతోనే ఒక మనిషిని బయటికి గెంటుతున్నాడు. ఒక్క మాట చెబితే ఆగిపోతుంది. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది. పరవాలేదండీ అంది చివరకు. పరవాలేదు అన్న మాటకు అర్థం ఏమిటో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

మధ్యాహ్నం మేనల్లుడు తన బల్ల సర్దుకున్నాడు. సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక కప్పు, ఫోను ఛార్జరు, కుర్చీకి తగిలించిన స్వెట్టరు. ఆమె బల్ల పక్కనుంచే వెళ్ళాడు. వస్తాను మేడమ్ అన్నాడు. ఆమె బిళ్ళలు కోస్తోంది. ఆ పూట కోసినవాటిలో ఒక్కదాని అంచు కూడా సరిగా రాలేదు.

గురువారం ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తనతో తాను వాదించుకుంది. శుక్రవారం పోనిచ్చి, నెమ్మదిగా పాత లంకెకు తిరిగి వెళ్ళి, మెరుగుపరిచామని చెప్పి మార్చెయ్యవచ్చు. ఎవడికి తెలుస్తుంది? ఇక్కడ తెలిసే మొహం ఒక్కటైనా ఉందా? ఈ ఆలోచన వచ్చినప్పుడు ఆమెకు మైకు గుర్తొచ్చాడు. ఆయన ఇలాగే ఆలోచిస్తాడని తాను ఊహించుకున్నది గుర్తొచ్చింది. ఆయనకు ఈ ఆలోచన రాలేదు. వచ్చింది తనకు.

సాయంత్రం ఆమె మూడు గిన్నెలు తీసింది. మూడింట్లోనూ ఎంచి ఎంచి మంచి బిళ్ళలు వేసింది. మొదటిదానిలో ఎంజైము వేసింది. రెండోదానిలో మరిగించి చంపిన ఎంజైము వేసింది. మూడోదానిలో ఏమీ వెయ్యలేదు. టెక్నీషియను గిన్నెలను ఎప్పటిలాగే విడదీయబోతే, మూడూ లోపలే పెట్టు అంది. చోటు లేదు మేడమ్ అన్నాడు. అయితే చోటు చెయ్యి అంది. అతను ఎవరివో గిన్నెలు గొణుక్కుంటూ బయటికి తీశాడు.

శుక్రవారం ఆసుపత్రి నుంచి సర్జన్‌తో పాటు మరో ఇద్దరు పెద్దలు వచ్చారు. ఆ ఇద్దరూ కాఫీ తాగడానికి పుట్టినట్టున్నారు. మైకు తాళంచెవి కథ చెప్పాడు. బుద్ధి ఉన్న పదార్థం దగ్గర ఒక నిమిషం ఆగి, అందరూ ఆశ్చర్యపడటానికి వ్యవధి ఇచ్చాడు. ఆ పైన ఆమె వైపు చెయ్యి చూపించాడు.

ఆమె ఇంక్యుబేటరులోంచి పళ్ళెం తీసుకొచ్చి తెల్ల కాగితం పరిచిన బల్ల మీద పెట్టింది. మూడు గిన్నెలు. మూడింటిలోనూ నీలం నీళ్ళు.

"మొదటిదానిలో ఎంజైము ఉంది," అంది. "రెండోదానిలో ఉన్నది చచ్చిన ఎంజైము. మూడోదానిలో ఏమీ లేదు."

సర్జన్ వంగి చూశాడు. పెద్దల్లో ఒకాయన కళ్ళజోడు సవరించుకుని, "అయితే మూడింటిలోనూ పనిచేసిందన్నమాట," అన్నాడు మెచ్చుకోలుగా. మైకు చప్పట్లు కొట్టాడు. టెక్నీషియను కొట్టాడు. గది అంతా కొట్టింది. రెండో పెద్దాయన కప్పు కింద పెట్టి మరీ కొట్టాడు.

ఆమె ఆ చేతులన్నిటివైపూ చూసింది. తప్పు ఒప్పుకుందామన్నా అర్థమయ్యే మనిషి ఉండాలి కదా. ఇప్పుడు నోరు మూసుకున్నా ఎవరూ తనను అబద్ధమాడిందని అనలేరు. ఉన్నది ఉన్నట్టు చూపించింది. వాళ్ళే చప్పట్లు కొట్టారు. ఇంతకన్నా సుఖమైన దారి దేవుడు కూడా వెయ్యలేడు.

"పని చెయ్యలేదండీ," అంది. "మూడింటిలోనూ కరిగిందంటే పని చెయ్యనట్టు."

మేడమ్‌కి వినయం ఎక్కువ అన్నాడు మైకు, అతిథులవైపు తిరిగి నవ్వుతూ.

"వినయం కాదు సార్. ఇది క్రిమిని గుర్తుపట్టడం లేదు. వెచ్చటి నీళ్ళను గుర్తుపడుతోంది. వెచ్చటి నీళ్ళలో కరిగేవి లోకంలో చాలా ఉన్నాయి, సబ్బుబిళ్ళతో సహా. దీన్ని గాయం మీద పెట్టి వారం రోజులు కట్టు విప్పకపోతే, కింద ఏం జరుగుతోందో మనకు తెలియదు. ముడి మార్చింది నేను. సరిగ్గా పోల్చి చూడనిదీ నేనే."

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంతమంది జేబుల్లో పెట్టుకున్నారు. సర్జన్ మాత్రం మూడో గిన్నె చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, నెమ్మదిగా దించాడు. ఇది మీరే పట్టుకున్నారా అని అడిగాడు.

లేదని, డైరెక్టరుగారి మేనల్లుడు సోమవారమే చెప్పాడని, తాను వినలేదని ఆమె చెప్పింది.

గదిలో అందరూ మైకు వైపు చూశారు. ఆయన మొహం మొదట పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది. ఆ తర్వాత, ఆమె కళ్ళ ముందే, మెల్లగా వెలిగింది.

"మా అక్క కొడుకండీ," అన్నాడు సర్జన్‌తో. "చిన్నప్పటినుంచీ వాడిది సూక్ష్మదృష్టి. ఒకంతట దేన్నీ నమ్మడు."

ఆమెకు ఎన్నో రోజుల తర్వాత నవ్వు వచ్చింది. ఆ నవ్వులో ఇదివరకటి రుచి లేదు.

ఆ సాయంత్రం మామగారు గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నారు. వాళ్ళు సరేనన్నారా అని అడిగారు. అనలేదని, అందులో లోపం ఉందని, ఆ లోపం తానే బయటపెట్టానని ఆమె చెప్పింది. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"ఎవరైనా నిలదీశారా?"

"లేదు మామయ్యగారూ."

"చప్పట్లు కొడుతుంటే లేచి చెప్పావా?"

"అవును."

"నా ప్రాక్టీసులో ఇంత దిక్కుమాలిన సాక్షిని చూళ్ళేదు," అన్నారాయన. కట్టు విప్పమన్నట్టు కాలు ఆమె వైపు జరిపారు. అదివరకు ఆ పని నర్సుదో కొడుకుదో. ఆమె పీట లాక్కుని కూర్చుంది. గుడ్డ ఒక పొర అతుక్కుపోయి ఉంటే వెచ్చటి నీళ్ళతో తడిపి, తడిపి, ఊడదీసింది. ఆయన కళ్ళు మూసుకుని జిగురు డాక్టర్లను, వాళ్ళకు డిగ్రీలిచ్చినవాళ్ళను, ఆ డిగ్రీలు చూసి కోడల్ని తెచ్చుకున్నవాళ్ళను వరసగా తిట్టడం మొదలుపెట్టారు. తిట్టు మధ్యలో ఆగినప్పుడల్లా ఆమె చెయ్యి ఆపింది. మళ్ళీ మొదలైనప్పుడు మళ్ళీ విప్పింది.

సోమవారం మైకు ఆమెను పిలిపించాడు. కుర్చీ చూపించలేదు. పాత లంకెతో పని మొదటినుంచి మొదలవుతుందని, దానికి ఇక పెద్ద తన మేనల్లుడేనని, మేడమ్ అతనికి సాయం చెయ్యాలని ఉపోద్ఘాతం లేకుండా చెప్పాడు. వాడు ఎందుకో బెట్టు చేస్తున్నాడు, మీరే వెళ్ళి పిలుచుకురండి అన్నాడు.

సామాన్ల గది కింది అంతస్తులో ఉంది. కిటికీ లేదు. ఇనప అరల నిండా అట్టపెట్టెలు. మేనల్లుడు ఎత్తుబల్ల వెనక నిలబడి, కొత్తగా వచ్చిన గాజు గొట్టాలను పొట్టులోంచి తీసి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టి, పగులు లేనివి ఒక పక్కకు పేరుస్తున్నాడు. చెవుల్లో పాట లేదు. ఆమెను చూసి గొట్టం కింద పెట్టాడు.

ఆమె విషయం చెప్పింది. మావయ్య రమ్మంటున్నాడని, పని అతని చేతికే ఇస్తున్నాడని, నువ్వు చెప్పింది నిజమని అందరికీ తెలిసిందని చెప్పింది. అందులో తన పాత్ర ఏమిటన్నది తప్ప తక్కినదంతా చెప్పింది.

"నాకు ఆ పని రాదు మేడమ్," అన్నాడు అతను మామూలుగా. "ఎంజైము వెయ్యడం మర్చిపోయినవాణ్ణి. అది పని రావడం ఎలా అవుతుంది?"

నేర్చుకోవచ్చు, నేను నేర్పుతాను అంది. ఆ మాట అంటూంటే తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

అతను ఇంకో గొట్టం తీసి కొట్టి, విని, పక్కన పెట్టాడు.

"ఒకటడుగుతాను, ఏమనుకోకండి. నేను చెప్పింది నిజమని మీకెప్పుడు తెలిసింది?"

శుక్రవారం అని చెప్పవచ్చు. ఎవరూ కాదనరు.

"మంగళవారం పొద్దున."

అతను లెక్క కట్టుకోవడం ఆమెకు కనబడింది. మంగళవారం తర్వాత బుధవారం. బుధవారం మధ్యాహ్నం స్వెట్టరు, కప్పు. వస్తాను మేడమ్ అనడం. అతని మొహంలో ఎప్పుడూ ఉండే నిద్రకళ పోయింది. దాని స్థానంలో వచ్చినది ఆమెకు బాగా తెలిసిన చూపు. వెలుతురుకు ఎత్తిపట్టి, అంచు దగ్గర ఆగే చూపు. అది తన మీద ఉండటం మాత్రం ఎప్పుడూ ఎరగదు.

అతను గొంతు పెంచలేదు.

"రానండీ. ఇక్కడ బాగుంది," అన్నాడు. "ఎవరూ నవ్వరు."

ఆమె కదల్లేదు. ఏదో అనాలి. అనవలసినది ఒక్కటే మాట, చిన్న మాట. దాని కోసం వెతుక్కుంటూ నిలబడింది. అంతలో మెట్ల మీదినుంచి ఎవరో దిగి ఆమె వెనక వరసలో నిలుచున్నారు. మేనల్లుడు బల్ల మీద చేతులు ఆనించి, వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే అడిగాడు.

"ఏం కావాలండీ మీకు?"

"గ్లవ్స్," అంది ఆమె.

"ఏ సైజు?"

చెప్పింది. అతను అరలోంచి ఒక పెట్టె తీసి ఆమె ముందుకు జరిపి, ఆమె భుజం మీదుగా వెనకవాళ్ళను చూశాడు.